ఎర్ర చుక్క

ఆ చిన్న గ్యాలరీకి అదే చివరి సాయంత్రం. చిత్రకారిణి గోడమీది బొమ్మలు దించి పాత దుప్పట్లలో చుడుతుంటే, ఎదురు మేడమీద ఒంటరిగా ఉండే పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు.

"ఖాళీ చేసేస్తున్నావా అమ్మా?"

"అవునండీ. ఒక్క బొమ్మా పోకపోతే ఎన్నాళ్ళని నెట్టుకొస్తాను?"

"అదేమిటి! అన్నింటికీ ఎర్ర చుక్కలున్నాయిగా? చుక్క ఉంటే అమ్ముడుపోయినట్టేనని ఎవరో అన్నారు."

"అవి నేను అంటించినవే బాబాయ్‌గారూ. కొంటున్నారని తెలిస్తే ఇంకొందరు వస్తారనుకుని మొదట రెండింటికి అంటించాను. మిగతావి చూస్తే జాలేసి వాటికీ అంటించేశాను."

"ఎంత పని చేశావమ్మా! ఆ కిటికీ గీసిన బొమ్మ కొందామనే వచ్చేవాణ్ణి. చుక్క చూసి బయట అద్దం దగ్గర్నుంచే వెళ్ళిపోయేవాణ్ణి."

"రోజూ అక్కడ నిలబడేది మీరేనా? లోపలికొచ్చి ఒక్క మాట అడగొచ్చుగా!"

"కొనేది లేనప్పుడు ఊరికే వచ్చి నీ పని చెడగొట్టడం ఎందుకని."

"నాకు పనెక్కడిదండీ, గోడలతో మాట్లాడుకుంటుంటే!"

"పైన నాదీ అదే పని. ఇంతకీ ఈ బొమ్మలో కిటికీ మాదేగా?"

"మీదే. పొద్దుగూకేసరికి అందులో లైటు వెలిగితే నాకు తోడున్నట్టుండేది."

"నీ షాపులో లైటు ఆరాకే నేనూ ఆర్పేవాణ్ణి."

ఆయన ఆ బొమ్మను చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇది నాకమ్ముతావా?"

"తీసుకెళ్ళండి. ఉండండి, ముందు ఆ చుక్క పీకేస్తాను."

"ఉండనీయమ్మా. ఒక్కటన్నా నిజం కానీ."