దిగుడు మీద ట్రాలీ

సిరిసిల్ల నుంచి పికప్‌కు తగిలించిన ట్రాలీలో పాత మరమగ్గాల సాంచెలు తెస్తుంటే అన్నకు ప్రమాదమైంది. జగిత్యాల దవాఖాన వరండాలో వదినె ముఖం చూడలేక తమ్ముడు గోడకు ఆనుకున్నాడు.

“సాంచెలన్ని ట్రాలీ ఎనుకకే ఎక్కిచ్చిన్రట గదా?”

“ముందటికి జరుపుదామన్న వదినె. ఆలస్యమైతదని అన్ననే వద్దన్నడు. తాళ్లు సాలకపోతే తనే ఎక్కి పట్టుకున్నడు.”

“నువ్వెట్ల తోలినవ్?”

“మెల్లగనే. మల్యాల కాడ దిగుడుల ట్రాలీ అటిటు ఊగింది. బెదిరి బ్రేక్ గట్టిగ తొక్కిన. పికప్ ఆగింది, ట్రాలీ పల్టీ కొట్టింది.”

“గట్ల ఊగితే బ్రేక్ తొక్కద్దని ఆయన నీకు నేర్పలేదా?”

“నేర్పిండు. గప్పుడు యాదికి రాలే.”

ఆమె వార్డు తలుపు వైపు చూపించింది.

“లోపటికి పో. తెలివికొచ్చిండు. తమ్మునికేం కాలే గదా అని అడుగుతున్నడు.”

“కాళ్లు తీసేసిన్రని తెలుసా?”

“తెల్వది. నాతోని కాదు. నువ్వే చెప్పు.”