నూకరత్నం రాసిన మూడు వాక్యాలు

నూకరత్నం అని మా మేనమామ పెళ్ళాం, మా అమ్మ మంగాయమ్మకి వదిన. నాకు ఊహ తెలిసేసరికే ఆవిడ లేదు, కాబట్టి ఇదంతా మా అమ్మ చెప్పగా విన్నదే అనుకోండి. మా మామ బుల్లెబ్బాయి కల్లుకి తాళ్ళు గీసేవాడు. ఓ శ్రావణమాసం చెట్టు తడిగా ఉండి మోకు జారింది, పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుం దక్కలేదు. అప్పట్నించీ మంచమే. ఈవిడకేమో ఒక పట్టుంది. చెడ్డమాట నోటంట రానిచ్చేది కాదంట. మనం ఏదంటే దానికి తథాస్తు అనే దేవతలు పైన తిరుగుతుంటారని పెద్దవాళ్ళు చెబుతారా, అందరం వింటాం, మర్చిపోతాం. ఆవిడ మర్చిపోలేదు. బియ్యం నిండుకున్నాయి అనేది, దీపం కొండెక్కింది అనేది. అదంటే మనమూ అంటాం అనుకో. కానీ మీ ఆయనెలా ఉన్నాడే అని ఎవరన్నా అడిగితే, పడుకున్నాడండి అనేదంట. రెండేళ్ళనించీ పడుకునే ఉన్నాడు ఆయన.

అలా ఉండగా ఏమైందంటే, పేటలో ఓ డాక్టరమ్మ ఆస్పత్రి పెట్టింది. నర్సు ఏలియమ్మ కేరళ మనిషి, తెలుగు ముక్క రాదు. మంచంలో మనిషికి ఏమన్నా అయితే ఆయా వెళ్ళి ఇంగ్లీషులో చెప్పాలి కదా మరి. అందుకని డాక్టరమ్మ ఏమందంటే, ఐదు మాటలు నేర్చుకుని ఒక్కోదానితో మూడేసి వాక్యాలు తప్పుల్లేకుండా రాసిచ్చినవాళ్ళలో ఒకరిని ఆయాగా పెట్టుకుంటానంది. ఒక్కరినే. నూకరత్నం అయిదో తరగతిదాకా చదివింది. ఆ పని వస్తే ఇల్లు నడుస్తుంది, రాకపోతే ఆరో తరగతి చదివే కూతురు పద్మావతిని బడి మాన్పించి కొబ్బరిపీచు పనికి పంపాలి. పిల్ల అప్పటికే అడుగుతోందంట, ఎప్పట్నించి మానెయ్యాలమ్మా అని.

కామేశం మాస్టారు పాలకేంద్రం అరుగుమీద చెప్పేవారు, పొద్దుటి పాలకీ సాయంత్రం పాలకీ మధ్యలో. ఆరుగురు ఆడవాళ్ళు, మా అమ్మతో కలిపి. క్లీన్, హాట్, కోల్డ్, వెట్, ఇవి నాలుగూ నూకరత్నానికి మంచినీళ్ళ ప్రాయం. రైస్ ఈజ్ హాట్, ఫ్లోర్ ఈజ్ వెట్ అని గడగడా చెప్పేసేది. ఐదోది సిక్. అంటే ఒంట్లో బాగోలేదని. మనిషికైనా గొడ్డుకైనా ముందు పేరు పెట్టి, ఈజ్ పెట్టి, ఆ మాట పెట్టండమ్మా, అంతే, అన్నారంట మాస్టారు. నవ్వకండి, అయిదుగురూ రాసింది ఒకటే. మై అత్త ఈజ్ సిక్. మా అమ్మ మాత్రం గేదెని కూడా రాసింది. పాలిచ్చే గొడ్డుమీద రాస్తావా అని ఇంట్లో మా నాయనమ్మ చీపురు తీసిందంట, అత్తమీద రాసిన సంగతి ఆవిడకి చెప్పలేదు కాబట్టి సరిపోయింది. నూకరత్నం పలక మాత్రం ఖాళీ. నీ మొగుడు మంచంలోనే ఉన్నాడు కదే, ఉన్నదే రాయి, అబద్ధం కాదుగా అన్నారంట తోటివాళ్ళు. ఉన్నది గుళ్ళో ఆ తల్లి సత్తెమ్మకి తెలుసు, నా చేత్తో రాసి కూడా ఇవ్వాలా అందంట. మాస్టారికి విసుగొచ్చింది. ఆస్పత్రిలో ఆ మాటే కదమ్మా పని, అది రాయకపోతే నిన్నెందుకు పెట్టుకుంటారు అన్నారు. ఆ రోజు ఇంటికొస్తూ మా అమ్మనడిగిందంట, ఏమ్మా మంగా, తథాస్తు దేవతలకి ఇంగ్లీషొచ్చంటావా, అని. మా అమ్మ పడీపడీ నవ్వింది. మాస్టారికే అంతంతమాత్రం, వాళ్ళకెక్కడొస్తుంది వదినా అంది. ఇదిగో, ఆ నవ్వు గురించి చెప్పేటప్పుడే మా అమ్మ ఆగిపోయేది.

పరీక్షరోజు నూకరత్నం మూడూ రాసింది. ఐ యామ్ సిక్. ఐ యామ్ సిక్ టుడే. ఐ యామ్ వెరీ సిక్. మాస్టారు మూడింటికీ రైటు కొట్టి, కాగితం పైకెత్తి అందరికీ చూపించారంట, చూడండర్రా, వెరీ నేను చెప్పనేలేదు, తనే పెట్టింది అని. ఆడవాళ్ళేమో, మొగుడిమీద పెట్టలేక తనమీదే పెట్టుకుంది పిచ్చిమొహం అనుకున్నారు. కాగితం పేటకెళ్ళింది. డాక్టరమ్మ చదివింది, ఏలియమ్మ చదివింది. చదువుకున్న కళ్ళు అవి, వాళ్ళూ తప్పులకోసమే చూశారు. తప్పుల్లేవు. ఏకాదశి వెళ్ళాక నూకరత్నాన్నే వచ్చి పనిలో చేరమన్నారు.

చేరిన తొమ్మిదో రోజు, నేల తుడుస్తూ తుడుస్తూ బక్కెట్టు పక్కనే ఒరిగిపోయిందంట. మంచమ్మీద పడుకోబెట్టి డాక్టరమ్మ కడుపు నొక్కి చూస్తే లోపల రాయంత గడ్డ. చీర నడుంకి బిగించి కట్టుకుని తిరిగింది ఇన్నాళ్ళూ. పిండి రుబ్బుతూ పక్కలో చెయ్యి పెట్టుకునేది, ఎండ తగిలింది అనేది, మా అమ్మా చూసింది, ఎండే అనుకుంది. డాక్టరమ్మకి కోపమొచ్చింది.

"ఎన్నాళ్ళనించి ఇది? ఇంతదాకా వస్తే ఒక్క మాట చెప్పొద్దా?"

"రాసిచ్చానమ్మా," అందంట నూకరత్నం. "మాస్టారు రైటు కూడా పెట్టారు."

 ఆ పూటే కాకినాడ పెద్దాస్పత్రికి పంపారు. పదకొండు రోజులు ఉంది అక్కడ, పన్నెండోరోజు తీసుకొచ్చారు. ఎలా తీసుకొచ్చారో నేనూ ఆ మాట అనను.

ఆ పని మా అమ్మకిచ్చారు. ఇది మా అమ్మ ఎవరికీ చెప్పుకునేది కాదు, నేను చెబుతున్నా. జీతం మా ఇంటికొచ్చింది, పద్మావతి పీచుపనికి పోయింది. మా అమ్మ అక్కడ ఇరవయ్యేళ్ళు చేసింది. బెడ్ ఫోర్ సిక్, సిస్టర్, అని గుమ్మంలోంచి ఒక్క కేక వేస్తే ఏలియమ్మ చేతిలో టీ కింద పెట్టి పరిగెత్తుకొచ్చేదంట. ప్రతిసారీ వచ్చేది, పాపం మంచి మనిషి. ఈజ్ లేదు, ఏమీ లేదు, వాక్యం తప్పే. తప్పుగా చెప్పినా పరిగెత్తారమ్మా. నూకరత్నం ఒప్పుగా రాసింది, మార్కులేశారు.

సరే, లేవండి, దీపం పెట్టే వేళవుతోంది, ఈ వేళప్పుడు నాచేత ఇంక ఆ మాట అనిపించకండి. ఇళ్ళకెళ్ళాక ఎండ తగిలిందనేవాళ్ళు ఎవరన్నా ఉంటే, ఇంకోసారి అడగండి.