కందిలి పిల్ల ఎత్తు

గా నవ్వుడు బంద్ వెట్టి జర నా మాట ఇను, మల్లేష్ తమ్మీ. ఫ్లెక్సీలు కొట్టుడు నీ పనే, కాదంటలే. మంది కొంపలు ముంచుడు గూడ నీ పనేనా?

ఎవరి కొంపనా? నాదే. మా అమూల్య ఓణీల ఫంక్షనుకు ఒకటి కొట్టిచ్చినవు జూడు, అలియాబాద్ చౌరస్తల కట్టినం. గా ఫ్లెక్సీనే ముంచింది నన్ను.

కుర్చీ ఏం వద్దు. చెరువు కట్ట మీద చేపల బండి ఇడిసిపెట్టి వచ్చిన, పొయ్యి మీది నూనె గూడ దించి వచ్చిన. మళ్ల ఫ్లెక్సీ కొట్టియ్యనీకే వచ్చిన. ఎవరికంటవా? మా ఆడబిడ్డ శోభారాణి లేదూ, గాజులరామారంల ఉంటది, ఆమె బిడ్డ పూజకు. 'చెరువడుగు పట్నం' రెండో సినిమాల ఏషం దొరికిందట.

మా ఆయన మేనమామ గదా. మేనమామ ఫ్లెక్సీ కట్టకపోతే ఇజ్జత్ వోతదట. పొద్దుగాల్నే గా ముచ్చట నా నెత్తిన వెట్టి, ఆటో తోలుకోని మేడ్చల్ దిక్కు వోయిండు. కడుపు మండుతున్నది నాకు, ఫ్లెక్సీ కొట్టియ్యాల్సింది గూడ నేనే.

గా కందిలి పిల్ల ఏషం అసలు ఎవరిది తమ్మీ? నువ్వే జెప్పు. మొదటి సినిమాల ఎవరేసిండ్రు?

మా అమూల్య గాదా? శామీర్‌పేట చెరువు కాడ షూటింగ్ వెట్టినప్పుడు గా సినిమావాళ్లు నా బండి కాడికే వచ్చి చేపలు తిన్నరు. పళ్లెం అందిచ్చిన పిల్లను జూసి, గీ పిల్ల మాకు కావాలె అన్నరు. నేనేమన్న వాళ్ల కాళ్లు వట్టుకున్ననా? చెరువు అడుగున ఉన్న పట్నానికి పిల్లలు వోతుంటే, ముందట కందిలి దీపం వట్టుకోని తొవ్వ జూపే ఏషం. సిన్నదే. "నా ఎనుకనే రాండ్రి, ఎనుకకు జూడకుండ్రి" అంటది, గంతే. గా మాటకు టాకీసంత ఈలలు, సప్పట్లు. గీ చెవులతోని ఇన్న నేను.

గప్పటి సంది కట్ట మీద నన్ను అందరు కందిలి పిల్ల అమ్మ అనుడు వెట్టిండ్రు. యమున అనే పేరే మర్శిపోయిండ్రు. బేరానికొచ్చినోళ్లు గూడ, కందిలి పిల్ల అమ్మా, రెండు ముక్కలు ఎక్కువెయ్యి అంటుండె. నేను వేస్తుంటి.

ఇప్పుడు గా పేరు ఎవరికి వోయింది? శోభారాణికి. ఆమె బంగారం కొన్నా, మేడ గట్టినా నాకేం బాధ లేకుండె. నా పేరే కావాల్నా ఆమెకు?

నువ్వే యాది జేస్కో. 'నూతన వస్త్రాలంకరణ మహోత్సవం' అని బంగారు రంగుల వెయ్యమన్న. పిల్ల పట్టు లంగా ఓణీల నిలువెత్తు ఉండాలె అన్న. పక్కకు కందిలి వట్టుకున్న సినిమా బొమ్మ గూడ వెయ్యమన్న. చౌరస్తల కట్టమన్నది గూడ నేనే. రెండో సినిమాకు జాగలు జూస్తున్నరని ఎర్కైంది. వాళ్ల బండ్లన్నీ గా కరీంనగర్ రోడ్డు మీదికెళ్లే గదా వచ్చేది. జూస్తే మా పిల్ల యాదికొస్తది అనుకున్న.

యాదికైతే వచ్చింది. వాళ్ల మేనేజరు కారు మలుపుకోని సక్కగ నా బండి కాడికే వచ్చిండు. చేపలు ముట్టలే. "అక్కా, పాప అంత పెద్దదైపోయిందా?" అని అడిగిండు.

నేను పిచ్చిదాన్ని, మురిసిన. "అవ్ సారు, నాకన్న ఎత్తైంది" అన్న. ఆయన మొఖం సిన్నవోయింది. గప్పుడన్న సమజ్ కావాలె గదా నాకు? కాలే. ఒక్క ముక్కన్న తినుండ్రి సారు అంటున్న నేను.

గా సినిమా కథ పుస్తకాలల్ల ఏం రాసిండ్రో నాకేమెర్క తమ్మీ? నేను సదివిన్నా? చెరువు అడుగున ఉన్నోళ్లకు వయసు పెరగదట. పై నుంచి వోయే పిల్లలు ఎదుగుతరు గని, కందిలి పిల్ల అన్ని పుస్తకాలల్ల గంతే ఉంటదట. హీరో పిల్లగానికి మీసాలొచ్చినా నడుస్తదట, నా బిడ్డ ఓణీ గడితే నడువదట. గిదేం న్యాయం?

అమూల్యకు ముందే ఎర్క. అన్ని పుస్తకాలు సదివింది అది. "నాకు తెల్సమ్మా, నువ్వు మురుస్తున్నవని జెప్పలే" అన్నది.

ఇగ అసలు ముచ్చట ఇను. గా మేనేజరు ఫోన్ల మన ఫ్లెక్సీ ఫోటో దీస్కోని వచ్చిండు. కింద సుట్టాల బొమ్మలు గుండ్రం గుండ్రంగ వేస్తవు గదా, 'శుభాకాంక్షలతో' అని. గా బొమ్మలల్ల ఒకదాని మీద వేలు వెట్టి, "ఈ చిన్న పాప ఎవరక్కా?" అన్నడు.

పూజ. ఎవరు వెట్టమన్నరు తమ్మీ నిన్ను గా గుండ్రం?

ఆఁ, అవ్. నేనే ఫోన్ జేసి వెట్టమన్న. వెట్టకపోతే ఊకుంటదా శోభారాణి? మా పిల్ల బొమ్మ లేని ఫంక్షనుకు మేమెందుకు అని అలిగి కూసున్నది. ఆడబిడ్డ రాని ఫంక్షన్ ఒక ఫంక్షనా? గందుకే ఓ మూలకు వెయ్యి అన్న. నువ్వు మూలకే వేసినవు, నీ తప్పేం లేదు. గా మూలకెళ్లి లేసొచ్చి నా బిడ్డ జాగల కూసున్నది.

ఫోన్ గూడ జేసింది మా ఆడబిడ్డ. "అంత నీ పుణ్యమే వదినే" అన్నది. మెచ్చుకున్నదో దెప్పిందో గిప్పటికీ సమజైతలేదు నాకు.

సరే, గా కంప్యూటర్ జర ఇటు తిప్పు. గీ ఫోటో వెయ్యి. ఎట్లున్నది? ఫంక్షన్ నాడు అమూల్య ఓణీ సుట్టుకోని, నా ఎత్తు మడమల చెప్పులేస్కోని, పెదాలకు రంగు వెట్టుకోని దిగింది పూజ. నిలువెత్తు వెయ్యి. చౌరస్తల్నే, గదే కంబానికి కట్టాలె. సోమవారం షూటింగ్ సురువట. గంతకు ముందే కట్టాలె, జల్దీ జెయ్యి.

ఎందుకట్ల జూస్తున్నవు?

ఎనిమిదేండ్ల పిల్ల లెక్క లేదంటవా? ఏమో, నా కండ్లకైతే మంచిగనే ఉన్నది. వేరే ఫోటో లేదా అంటవేంది? ఏ ఫోటో అయితే నీకేంది?

గట్ల సూడకు తమ్మీ.

అవ్, కావాలెననే తెచ్చిన. గా మేనేజరు కారు మళ్ల గా చౌరస్తల ఆగాలె. గీ పిల్ల గూడ పెద్దగైనట్టున్నది అని వాని గుండె గుబేలుమనాలె. నా బిడ్డకు రానిది ఎవరికీ రావద్దు. ఇన్నవా, జెప్పేసిన. గా ముచ్చట తెల్సిన సంది నాకు బువ్వ సయిస్తలేదు. పూజ వచ్చి "అత్తా" అని నా మెడ సుట్టూ చేతులేస్తది. గా చేతులు తీసి పక్కకు వెట్టబుద్ధైతది. సిన్న పిల్ల మీద గింత కుళ్లు ఎవరికన్న ఉంటదా?

ఇగో ఫోన్. నువ్వే దేవులాడు వేరే ఫోటో. గది వద్దు, చేపలది. గదీ వద్దు. ముందటికి జరుపు.

ఆగు, గాడనే ఆపు.

గిది నిన్న నేనే దీసిన. బండి ఎనుక అమూల్య గా పిల్లకు కందిలి ఎట్ల వట్టాల్నో నేర్పిస్తాంది. కందిలి యాడిది, నూనె డబ్బాకు తీగ గట్టిండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది. నీ ఏషం గుంజుకున్నదానికి నువ్వే నేర్పిస్తవా అని తిట్టిన. "రాండ్రి అన్నంక జర ఆగాలె పూజా, గప్పుడే కందిలి ఎత్తాలె" అనుకుంట దాని పనిల అది ఉన్నది.

జర పెద్దగ జెయ్యి. ఎనుక ఉన్నది అమూల్యనే గదా? గట్లెందుకు నిలవడ్డది? మోకాళ్లు వంచింది సూడు. మెడ లోపలికి గుంజుకున్నది. నాకన్న ఎత్తున్న పిల్ల, పూజ భుజం కిందికి వొంగింది.

నేర్పిచ్చేటందుకు వొంగిందంటవా? కాదు తమ్మీ. బడి నుంచి వచ్చేటప్పుడు గూడ గట్లనే వస్తాంది. సంచి బరువేమో అనుకున్న. బండి కాడ పళ్లేలిచ్చేటప్పుడు గూడ వొంగే ఉంటున్నది.

నేనే అన్న దాన్ని. మేనేజరు వోయినంక కోపం ఆగక, "గింత ఎత్తు పెరిగి అంత పాడు జేస్తివి గదనే" అన్న. ఒక్కసారే. అని మర్శిపోయిన. అది మర్శిపోలే.

నీ కంప్యూటర్‌ల నల్లగున్నోళ్లను తెల్లగ జేస్తవు, లావున్నోళ్లను సన్నగ జేస్తవు. నా బిడ్డను నిటారుగ నిలవెడ్తవా?

వద్దులే, ముట్టకు. గది ఇంటికి వోయి నేను జెయ్యాల్సిన పని.

గీ ఫోటోల పూజ ఒక్కదాన్నే కోసి వెయ్యి. చౌరస్తల నా బిడ్డ వొంగి కనవడొద్దు. గా ఊడిన పన్ను, గా నూనె డబ్బా, అన్నీ కనవడాలె. ఎంత సిన్నగున్నదో గంతే సిన్నగ ఉండనీ. కింద మేనమామ బాలేష్ అని రాయి. నా పేరు వద్దు. ఆగు, నాది గూడ రాయి. లేకపోతే శోభారాణి ఊరంత అడుగుతది.

పాత ఫ్లెక్సీ నా బండి మీదనే ఉన్నది, నీడకు కట్టిన. కోపానికి బొమ్మను పైకి, మొగులు దిక్కు మలిపి కట్టిన. ఇప్పుడు వోయి ఇప్పి, బండి ఎనుక నిలువుగ కడ్త. ఓణీల గంత ఎత్తు నిలవడ్డది నా బిడ్డ. రోడ్డు మీద వోయేటోళ్లు సూడనీ. అది గూడ సూడనీ.

కుళ్లు వోయిందా అంటవా? యాడికి వోతది తమ్మీ. సినిమా వచ్చినంక టాకీసుల పూజ "నా ఎనుకనే రాండ్రి" అంటది గదా, గప్పుడు నేను చెవులు మూసుకుంట. పక్క కుర్చీల నా బిడ్డ నిటారుగ కూసుంటే సాలు.