సంతకం ఆపి సిద్ధాంత గ్రంథాన్ని గెలిపించిన గంగాభవాని గారు

1990 జూలై 9వ తేదీన మన ఇంజనీరింగ్ కళాశాల గ్రంథాలయంలో సహాయకురాలిగా చేరిన శ్రీమతి గంగాభవాని గారు, ముప్పయ్యారేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ప్రధాన గ్రంథపాలకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తగరపువలస నుంచి రోజూ బస్సులో వచ్చి, అధ్యాపకులందరికంటే ముందే వారు గ్రంథాలయం తలుపు తీసేవారు. ఆలస్యంగా వచ్చేవారిలో అగ్రగణ్యుణ్ణి కనుక ఈ మాట సాధికారంగా చెప్పగలను.

కళాశాలకు ఇంటర్నెట్టు వచ్చిన తొలినాళ్ళలోనే, దేశదేశాల పేటెంట్లను ఉచితంగా చదువుకోవచ్చని గ్రహించి, వాటిని వెతికే విధానాన్ని వారు స్వయంకృషితో అభ్యసించారు. పరిశ్రమలు కనిపెట్టిన వాటిలో చాలా భాగం పరిశోధన పత్రికలకు ఎక్కదనీ, పేటెంట్లలోనే దొరుకుతుందనీ మాకు చెప్పీ చెప్పీ అలసిపోయారు. 2015లో వారు నిర్వహించిన శిక్షణ తరగతికి వచ్చినవారు ఏడుగురు. "పేటెంట్లు వకీళ్ళకు గానీ మాకెందుకండీ" అని ఎగ్గొట్టిన ఘనుణ్ణి నేనే.

2019లో అది నా మెడకే చుట్టుకుంది. జాలారిపేట మత్స్యకార కుటుంబానికి చెందిన నా పరిశోధక విద్యార్థి సింహాద్రి, పడవ ఇంజన్ల ఇనుప భాగాలకు తుప్పు పట్టనివ్వని పూతపై ఐదేళ్ళు శ్రమించాడు. సిద్ధాంత గ్రంథ సమర్పణకు ఇరవై రోజులే గడువు. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కాపీ లేదని గ్రంథాలయం ధ్రువపత్రం ఇవ్వాలి. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ నాలుగు శాతమే పోలిక చూపింది. అయినా గంగాభవాని గారు తమ ఆనవాయితీ ప్రకారం పేటెంట్లు కూడా వెతికి, సంతకం ఆపి, మా ఇద్దరినీ పిలిపించారు.

"మాటలు కలవలేదు మాస్టారూ, పనే కలిసిపోనాది. ఇదే పూత జపానోళ్ళు 1996లోనే సేసేసినారు."

నేను ఒళ్ళు మరిచి, "ఇప్పుడా చెప్పేది? పిల్లవాడి నోట్లో మట్టి కొట్టారు" అన్నాను.

"నామీద కోప్పడితే ఆ పేటెంటు పోతాదేటి? కూకోండి. ఆకరి పేజీదాకా సదూదాం" అన్నారామె.

చదివాం. ఎప్పుడూ నీటిలోనే ఉంటే పూత నిలుస్తుందనీ, తడిసి ఆరుతూ ఉంటే పొరలుగా లేచిపోతుందనీ చివరి ఉదాహరణలో ఆ జపానువారే రాసుకున్నారు. సింహాద్రి ముందుకు వంగాడు.

"మా పడవలు రోజూ ఒడ్డెక్కి ఎండుతాయి కద మేడమ్. అలగ లేచిపోకండా ఉండాలనే నాను పూతలో మందు మార్చినాను. అయిదో అధ్యాయం మొత్తం అదే."

ఆ అధ్యాయాన్నే కేంద్రంగా చేసుకుని గ్రంథమంతా తిరగరాసి, గడువుకు రెండు రోజుల ముందే సమర్పించాం. మౌఖిక పరీక్షలో "ఇందులో కొత్తేమిటి?" అని పరీక్షకులు అడిగినప్పుడు, సింహాద్రి ఆ జపాను పేటెంటునే తెరపై చూపి, అది ఆగిన చోటు నుంచే తన పని మొదలైందని చెప్పాడు. డాక్టరేటుతో పాటు 2022లో అతనికి పేటెంటూ వచ్చింది. నేడు తుప్పు పట్టనివ్వని పూతల కోసం ఏ దేశంవారు వెతికినా జాలారిపేట కుర్రవాడి పేరు చదవక తప్పదు.

గంగాభవాని గారూ, ఆనాటి నా మాటకు ఇంతవరకు క్షమాపణ చెప్పలేదు. మీ కుటుంబం ఎదుట, తోటి ఉద్యోగులందరి ఎదుట ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు మేము అడగగానే మీరు సంతకం పెట్టి ఉంటే పరీక్షకుల ముందు ఓడిపోయేవాళ్ళం. పెట్టకుండా ఆగిన ఆ చేతికి నమస్కరిస్తూ, అప్పన్నస్వామి మీకు నిండు ఆరోగ్యాన్నీ, నూరేళ్ళ ఆయుష్షునూ ప్రసాదించాలని మనసారా వేడుకుంటున్నాను.

– ఆచార్య రమణమూర్తి, లోహశాస్త్ర విభాగం