కేసు బయటే తేల్చుకుందాం

మధ్యాహ్నం. కంప్యూటర్ల రిపేరు షాపు. బల్లకి ఇవతల మెకానిక్కు. అవతల, చంకలో అట్టపెట్టెతో, ఆయన భార్యకి తమ్ముడు. కంప్యూటర్లకి కరెంటందించే పవర్ సప్లైలు టోకున అమ్మే మనిషి.

"ఆధారం లేదంటావా బావా? సొంత బావమరిది సరుక్కి ఆధారం లేదా?"

"నేనలా అన్లేదురా."

"అన్నావు. షాపులవాళ్ల గ్రూపులో నీ గొంతు నిన్నటినుంచి మోగుతూనే ఉంది. వినిపించనా? 'మా బావమరిది పంపిన నాలుగు సప్లైల్లో ఒక్కదానికీ ఆధారం లేదు, అన్నీ నకిలీవే.' ఆధారం లేదంటే ఏమిటర్థం? ఎక్కడినుంచో ఎత్తుకొచ్చాననేగా! పొద్దుటినుంచి ముగ్గురు సరుకు వెనక్కి పంపారు. నాలుగోవాడు బిల్లు చూపించమన్నాడు. చూపిస్తే, ఈ బిల్లు అసలుదేనా అన్నాడు."

"ఆధారం కాదురా బాబూ. ఆ దారం. 'ఆ' విడిగా, 'దారం' విడిగా."

"ఏ దారం?"

"దారం తెలీదా? గుడ్డలు కుట్టే దారం."

"నేనమ్మేది పవర్ సప్లైలు బావా, పైజామాలు కాదు."

"వేళాకోళం తర్వాత. సప్లైలోంచి లావుగా తీగల జడ వస్తుంది చూడు, అసలైనదైతే అందులో ఒక తీగకి చిన్న దారం ముడి ఉంటుంది. కంపెనీవాళ్లే కట్టి పంపుతారు. నీవాటికి లేదు. అంచేత నకిలీ."

"పన్నెండేళ్లుగా పెట్టెలమ్ముతున్నాను. తీగకి దారం కట్టే కంపెనీని ఒక్కదాన్నీ చూళ్లేదు."

"నువ్వు పెట్టె పైన చూస్తావు. నేను లోపల చూస్తాను."

"అయితే చూడు. ఇదిగో కొత్తది, సీలు నీ ముందే చింపుతున్నాను. పరీక్ష చెయ్యి."

"ఇప్పుడా? కంప్యూటర్లో బిగించి చూడాలి, గంట పని. రేపు రా."

"బిగించడం దేనికి? కంప్యూటర్ కేసులో పెట్టకుండానే చూడొచ్చని నాకు నేర్పిందెవరు? నువ్వేగా! మన కేసు కేసు బయటే తేల్చుకుందాం. గోడ ప్లగ్గుకి తగిలిద్దాం. పేపర్ క్లిప్పు వంచి పచ్చ తీగనీ నల్ల తీగనీ కలుపు. లోపల ఫ్యాను తిరిగితే నేను పెద్దమనిషిని, తిరక్కపోతే దొంగని. అరనిమిషం."

"క్లిప్పు లేదు."

"ఆ కాగితాల కట్టకి ఉన్నదేమిటి?"

"అది తుప్పు పట్టింది."

"తళతళలాడుతోంది. ఇదిగో, వంచాను కూడా. పట్టుకో."

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను."

"నెత్తిమీదుంది."

"అబ్బబ్బ! ముందు టీ తాగరా."

"వద్దు. పచ్చ తీగ."

"పచ్చంటే? పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

"బావా! పద్నాలుగేళ్లుగా షాపు నడుపుతున్నావు. ఆకుపచ్చ. జడ మొత్తమ్మీద ఒక్కటే ఉంటుంది."

"తెలుసురా, తెలుసు. నువ్వలా పక్కన నిలబడి గుడ్లురిమితే చేతులు ఆడతాయా? ఇదిగో, పెట్టాను. ఇది, పక్కన నలుపు. ఇక స్విచ్చెయ్యి."

"వేశాను."

"చూశావా? కదిలిందా? చచ్చిన సప్లై. మిగతా నాలుగూ ఇంతే. నేను చెప్పలేదూ?"

"బావా."

"ఊఁ."

"నువ్వు క్లిప్పు పెట్టింది ఎర్ర తీగలో."

"ఎర్రదా? అదే, అదే. ముందు ఎర్రదాంతో చూడాలి. పద్ధతి."

"స్విచ్చి ఆర్పేశాను. ఇప్పుడు పచ్చదాంతో చూడు."

"చూస్తానుండు. తొందరేం? ఇదిగో."

"అదీ ఎర్రదే. దాని పక్కింటి ఎర్రది."

"ఇక్కడ వెలుతురు చాల్లేదురా."

"ఎండ బల్లమీద పడుతోంది బావా. ఓసారి నా మొహం చూడు. నీకు ఆ రెండు రంగులూ ఒకేలా ఉంటాయా?"

"అరవకు! బయట కుర్చీలో కస్టమరున్నాడు."

"నేను అరవలేదు. మెల్లిగానే అడిగాను. నువ్వే అరుస్తున్నావు."

"ఏమిటీ గోల? మలుపు దాకా వినిపిస్తోంది. బస్సు దిగి ఇంటికైనా వెళ్లకుండా ఇటే వచ్చాను."

"అక్కా! సమయానికొచ్చావు. పెద్దక్క కాలెలా ఉంది?"

"కట్టు విప్పారు. గోడ పట్టుకుని నడుస్తోంది. పది రోజులు దానికి వండిపెట్టి, ఇవాళ బయల్దేరాను. ఏమండీ, మొహం అలా వాడిపోయిందేం?"

"ఏం లేదే. నువ్వు ఇంటికి పద."

"ఏం లేకపోవడమేమిటి? నేను నకిలీ సరుకు అమ్ముతున్నానని బావ గ్రూపులో దండోరా వేశాడక్కా. ఎందుకో తెలుసా? తీగకి దారం లేదట! కంపెనీవాళ్లు దారం కట్టి పంపుతారట! నవ్వవేం? అక్కా? అలా కూలబడ్డావేం?"

"దారం లేదన్నారా?"

"అదేగా విడ్డూరం."

"తమ్ముడూ, ఆ కంపెనీ నేనేరా."

"ఏ కంపెనీ?"

"దారం కట్టే కంపెనీ. షాపు పెట్టిన ఏడాదినుంచీ. ఏ సప్లై వచ్చినా దుమ్ము తుడిచి ఇస్తానని తీసుకుంటాను. తుడిచేటప్పుడు ఆకుపచ్చ తీగకి ఒక ముడి వేసి బల్లమీద పెడతాను. ఊరెళ్లేముందు షాపులో ఉన్నవాటన్నిటికీ వేశాను. నీ నాలుగూ ఆ తర్వాత వచ్చుంటాయి. ఆ సంగతి నాకు తట్టనే లేదు."

"వద్దే. ఆపు."

"ఆపలేనండీ. వాడి పేరు పోయింది."

"దాచడం దేనికక్కా? రెండు రంగులు కనపడకపోతే కొంపేం మునిగింది?"

"నీకలాగే ఉంటుంది. పెళ్లైన కొత్తలో ఈయన ఎర్ర గొడుగు కొనుక్కొచ్చి, 'నీకిష్టమని ఆకుపచ్చది తెచ్చాను' అన్నారు. నవ్వబోయాను. అంత సంబరంగా ఉన్న ఆ మొహం చూసి నవ్వు మింగేశాను. ఇప్పటికీ మా ఇంట్లో అది ఆకుపచ్చ గొడుగే. తర్వాత షాపు పెట్టారు. ఒకరోజు కస్టమరు ఎదురుగా నిలబడి ఉంటే, ఆ తీగ కోసం వెతికి, వెతికి, చొక్కా తడిసిపోయి, 'రేపు రండి' అన్నారు. రేపటికి నేను ముడి వేశాను. 'కంపెనీ గుర్తు కాబోలు' అన్నారు. అవునన్నాను. అంతేరా. ఈయన సిగ్గుపడతారని నేను దాచాను. ఆ సిగ్గు మొత్తం ఇవాళ నీ నెత్తిన పడింది. తప్పు నాది."

"నీదేమిటక్కా, ఊరుకో. బావా, నువ్వైనా మాట్లాడు. నేలమీద ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదు. ఆ సప్లై ఇలా తేరా."

"ముడి వెయ్యనా అండీ?"

"వెయ్యి. చాటున కాదు. వీడు చూస్తుండగా వెయ్యి."

"వేశాను. ఇదిగో."

"స్విచ్చి ఆర్పే ఉందా? సరే. ఇది ముడి ఉన్న తీగ. ఇది నలుపు. క్లిప్పు పెట్టాను. ఇప్పుడు వెయ్యరా."

"తిరుగుతోంది బావా! ఫ్యాను తిరుగుతోంది!"

"వినిపిస్తోందిలే. చెవులు బాగానే ఉన్నాయి."

"పోనీలే బావా. జరిగిందేదో జరిగింది. గ్రూపులో 'పొరపాటైంది, సప్లైలు మంచివే' అని ఒక్క ముక్క పెట్టు చాలు. మిగతాది మన ముగ్గురి మధ్యే ఉంటుంది. బయట కుర్చీలో ఆయన కూడా వినలేదులే."

"ఒక్క ముక్క చాలదురా. ముక్కలైంది నీ పేరు. ఫోనివ్వు."

"ఏమండీ, కళ్ల సంగతి మాత్రం చెప్పకండి. రేపట్నుంచి షాపు మెట్లు ఎవరెక్కుతారు?"

"మాట్లాడకు, రికార్డవుతోంది. షాపులవాళ్లందరికీ నమస్కారం. నిన్న నేనన్నది 'ఆధారం లేదు' అని కాదు, 'ఆ దారం లేదు' అని. అలా అన్నా తప్పే. మా బావమరిది సరుకు మంచిది, ఇప్పుడే ఫ్యాను తిప్పి చూశాం. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకేలా కనిపిస్తాయి. ఆ తీగ నేను పోల్చుకోడానికి మా ఆవిడ దారం కట్టేది. కంపెనీవాళ్లు కడతారని నేను నమ్మాననుకుంటూ ఇప్పుడు ఇక్కడే కూర్చుని ఉంది. నేను నమ్మలేదు. నీలం నాకు బాగానే కనిపిస్తుంది. ఆ ముడీ, నా చొక్కా గుండీలూ ఒకే నీలం దారం. ఏ కంపెనీ నా గుండీలు కుడుతుంది? పద్నాలుగేళ్లుగా తెలుసు. ఆవిడ ఊళ్లో లేనప్పుడు 'నాకు కనపడదు' అని చెప్పడం కంటే 'వాడిది నకిలీ' అనడం సులువనిపించింది."