గేటు కాడ ప్లేటు పాట

తప్పా? ఏటి పెదనాన్నా తప్పు? అరుగు మీద గోడకి జారబడి సుట్ట కాల్సుకుంటా, "రేపు మందిరంలో కర్పూరం ఎలిగించి తప్పయిందని సెప్పీయే గుంటా, అయిపోద్ది" అంటే అయిపోద్దేటి?

కోప్పడతన్నానా? మరి కోపం రాదా?

పొద్దున్న రబ్బరు తోట ఆఫీసులో లెక్కలు రాసే సీతారాం కిరాణి మా ఇంటికొచ్చినాడు. మందిరం కమిటీ సెక్రెటరీ కదా, కాగితం పట్టుకునొచ్చినాడు. "రత్నావతీ, ఇక్కడ ఏలిముద్ర ఏసీ" అన్నాడు. నాకు ఏలిముద్రా! మూడో క్లాసు దాకా బడికెల్లి, మిగతాదంతా పాలడబ్బాల మీది సీటీలూ, పొట్లాలు కట్టిన పేపర్లూ సదివి నేర్సుకున్నదాన్ని. కాగితం లాక్కుని సదివినాను. ఏటి రాసినాడో తెలుసా? "ఆస్ట్రేలియా సిపాయి మాయమాటలకు లోబడి, తెలియనితనము వలన, మెర్డెకా స్వతంత్ర పండుగనాడు మందిరం మైకులో పరాయి సంగీతము పెట్టితిని. పెద్దలు క్షమించవలెను."

మాయమాటలంట! ఆ కెన్ అనే సిపాయి నాతో ఆడిన మాటలు నా సీర కొంగుకి మూటకట్టినా సగం కొంగు కాళీగానే ఉంటాది.

మా అమ్మ ఉంది సూడు, ఆ కాగితం కళ్ళకద్దుకుంది! "ఏసీయే తల్లీ, నెపం ఆడి మీదకి పోయింది, గండం గడిసింది" అని. అర్థమైంది నాకు. ఆడపిల్ల సిపాయి మీద మోజు పడితే మీకు తెలుస్తాది. తిడతారు, ఏడుస్తారు, ఎవడికో ఇచ్చి పెళ్ళి సేసి సుంగై సుమున్ తోటకి పంపించీస్తారు. గ్రామఫోన్ ప్లేటు మీద మోజు పడితే? దానికి మీ కాడ మందు లేదు. అందుకని సిపాయిని తెచ్చి మజ్జిలో పెట్టినారు.

సిపాయి కాదు పెదనాన్నా. పాట. ఎన్నిసార్లు సెప్పాలి?

సరేలే, నువ్వు మాటాడకు. నేనే సెప్తాను.

గేటు ఉద్యోగం నాకు నేనుగా కావాలన్నానా? దొరల మీద తుపాకీ పట్టి అడివిలో దాక్కున్నోళ్ళకి గింజ అందకూడదని కంచె కట్టి గేటు పెట్టినారు. రబ్బరు పాలు కొయ్యడానికి ఎల్లే ఆడోళ్ళని తడిమి సూడ్డానికి ఆడమనిషి కావాలన్నారు. ఎవత్తీ రాలేదు. "ఇంగిలీసు ముక్కలు వచ్చు, నీడపట్టున ఉద్యోగం, ఎల్లవే" అన్నది నువ్వే. ఎల్లినాను.

ఏటి సేస్తానో అక్కడ ఎప్పుడైనా అడిగినావా? తెలతెలవారతా ఉంటే పెరట్టు అని అందరినీ వరసలో నిలబెట్టి పేర్లు పిలుస్తారు. ఆడోళ్ళంతా బాల్చీలూ కత్తులూ పట్టుకుని నా ముందుకొచ్చి సేతులు పైకెత్తి నిలబడతారు. కొప్పులో ఏళ్ళు పెట్టి సూడాలి. జాకెట్టు మీద తడమాలి. నడుం సుట్టూ కుచ్చెళ్ళలోకి సెయ్యి పోనివ్వాలి. మా అమ్మ నడుం కూడా! నన్ను మోసిన నడుం. అమ్మ కళ్ళు మూసుకునేది. నేనూ మూసుకునేదాన్ని. పక్కన సిపాయి తుపాకీ పట్టుకుని సూస్తా ఉండేవాడు, మూసుకుంటే ఒప్పుకోడు. "ఐస్ ఓపెన్" అనేవాడు ఆ ఇంగిలీసోడు, మొదటోడు.

ఉగాది ఎల్లిన నెలకి ఆడు పోయి ఆస్ట్రేలియా వాళ్ళొచ్చినారు. ఆఫీసు ఎనకాల గుడారాలేసుకున్నారు. గేటు కాడికి కెన్ని పంపినారు. మొకం నిండా మచ్చలు, సెవులు పెద్దవి. అందగాడని కిరాణి అనుకుంటన్నాడేమో, పాపం. ఆడు కొయ్యపెట్టె మీద సేత్తో తిప్పే గ్రామఫోన్ పెట్టుకుని, పొద్దున్నే ప్లేటు ఏసేవాడు. రెండే ప్లేట్లు. అటూ ఇటూ నాలుగు పాటలు.

మొదటి రోజే పడిపోయినాను పెదనాన్నా. అందరికీ అలాగే సెప్పినాను, నీకూ అదే సెప్తన్నాను.

నలుగురు కుర్రోళ్ళంట. అక్కడ బొగ్గు ఓడలెక్కించే ఊరొకటుందంట, ఆ ఊరోళ్ళు. లాంటర్న్ లేన్ ఫోర్ అని పేరు. గిటార్లు రెండు, డ్రమ్ము ఒకటి, ఇంకొకడు పీపా అంత వాయిద్యం పట్టుకుని "దుమ్ దుమ్" అంటాడు. కెన్ అక్క మొగుడే గిటారు. "ఆడు బలవంతంగా సంచీలో కుక్కినాడు. మా దేశంలో రేడియోవోడు ఒక్కసారి ఏస్తే ఒట్టు. మిగిలిన ప్లేట్లన్నీ మా అక్క మంచం కింద ఉన్నాయి" అని నవ్వినాడు. ఇంకో గుడారంలో అమెరికావోళ్ళ ప్లేట్లున్నాయి, అవి తెమ్మంటావా అని అడిగినాడు కూడా. పెద్ద పేరున్నోళ్ళంట. ఇన్నాను. నున్నగా ఉన్నాయి, నూనె రాసినట్టు. వద్దన్నాను.

నా వాళ్ళు అలా కాదు. రెండో ప్లేటు ఎనకవైపు పాట మజ్జిలో ఎవడో దగ్గుతాడు. దాన్ని తీయనైనా తీయలేదు! పాడేవాడు పడవ అందుకోలేక రేవులో నిలబడిపోయినోడి గురించి పాడతాడు. ఏడవడు. ఎల్తే ఎల్లు, నేను ఈదుకుంటా వస్తాను అన్నట్టు పాడతాడు. డ్రమ్ము కొట్టేవాడు ఒక్క ఎంట్రుకవాసి ఎనకబడతాడు, ఎనకబడి, ఒక్క దరువుతో అందరినీ ముందుకి తోసేస్తాడు. ఆ తోపు నీకు తెలుసు పెదనాన్నా. నీకే తెలుసు.

అటు తిరక్కు. సెప్తాను, ఆ ముక్కకే వస్తన్నాను.

పదిహేను రోజులకి సిపాయిల్ని ఇంకో తోటకి మార్సినారు. ఎల్తా ఎల్తా, "నీకంటే ఎక్కువగా ఎవళ్ళూ ఇన్లేదు, నువ్వే ఉంచుకో" అని రెండు ప్లేట్లూ పేపర్లో సుట్టి ఇచ్చినాడు. మిషను ఇవ్వలేదు. అంతే మా ఎవ్వారం. కిరాణిని రాసుకోమను.

మిషను లేకుండా ప్లేట్లు పెట్టుకుని ఏటి సేస్తాను? గీతలు సూసుకునేదాన్ని. దగ్గు ఎక్కడొస్తాదో ఏలితో సూపించగలను. శుక్రవారం మందిరం తుడవడం మా ఇంటి వంతొచ్చినప్పుడు, తలుపేసి, బజన ప్లేట్లేసే మిషను గొట్టంలో తుండుగుడ్డ కుక్కి ఇనేదాన్ని. అవును, రాములోరి ఎదురుగానే! ఆయనేం అన్లేదు. ఆయనకి లేని కష్టం కమిటీకొచ్చింది.

అక్కడే, ఒక శుక్రవారం, గుమ్మానికి పైన వేలాడే గోనెసంచీ సూసినాను. ఏటుందందులో? మీ తప్పెటగుళ్ళు. రొమ్ములకి కట్టుకునే ఆ రేకు తప్పెటలు, గజ్జెలు, అన్నీ. దరురాత్ అన్నారు, ఎమర్జెన్సీ అన్నారు, పదిమంది ఒకసోట ఎగిరితే జైలన్నారు. అప్పుడు కట్టి పడేసినారు. నాకు తొమ్మిదేళ్ళు. అప్పటికి నాన్న ఉన్నాడు, నీ పక్కన ఎగిరేవాడు. నువ్వు ముందు నడిసేవాడివి. దరువు ఒక్క ఎంట్రుకవాసి ఆపేవాడివి, అందరి ఊపిరీ ఆగేది, అప్పుడు ఎగిరేవాళ్ళు, ఇరవైమందీ ఒక్కసారి, నేల అదిరిపోయేలాగ. ఆ గోనెసంచీ కింద నిలబడి ఆ డ్రమ్ము ఇన్నాను పెదనాన్నా. ఆ బొగ్గు ఊరి కుర్రోడికి మీరు తెలీదు, మీకు ఆడు తెలీదు. ఇద్దరూ ఒకేచోట ఊపిరి ఆపినారు!

పరాయి సంగీతమా అది? కిరాణి మైకులో ఏసే తమిళ సినిమా పాట మనదేటి?

మెర్డెకా వచ్చి ఏడాదయిందని ఆ రోజు మైదానంలో జెండా ఎత్తినారు. ఆరు గంటల దాకా అందరూ కూడొచ్చని పర్మిషన్ ఇచ్చినారు. పదేళ్ళకి మొదటిసారి! తప్పెటగుళ్ళు కట్టుకుని ఎగరమని కమిటీ నిన్ను బతిమాలింది. "కాళ్ళు మరిసిపోయినాయి" అన్నావు. కుర్సీలో కూకున్నావు. నీ జట్టులో మిగిలినోళ్ళు, తాతబాబు మావా వాళ్ళూ, నేల మీద కూకుని శెనక్కాయలు ఒలుసుకుంటన్నారు. స్వతంత్రం వచ్చింది, శెనక్కాయలు ఒలుసుకుంటన్నారు! గేటు అలాగే ఉంది. మర్నాడు పొద్దున్న నేను మళ్ళీ మా అమ్మని తడమాలి. మరి ఆ ఒక్క సాయంత్రమైనా...

కిరాణి మేనేజరు దొరకి దండెయ్యడానికి ఎల్లినాడు. మిషను కాడ ఎవళ్ళూ లేరు. నేను పెట్టినాను. ఎవళ్ళూ సెప్పలేదు, ఎవళ్ళూ పురిగొల్పలేదు. నా సేత్తో పెట్టినాను.

ముందు తాతబాబు మావ లేసినాడు. సేతిలో శెనక్కాయలు రాలిపోయినాయి. డ్రమ్ము ఆగిన సోట ఆగినాడు, తోసిన సోట ఎగిరినాడు. తర్వాత ముగ్గురు, తర్వాత తొమ్మండుగురు. రొమ్ముకి తప్పెటలు లేవు కదా, ఉత్త రొమ్ముల మీద అరిసేతుల్తో సరుసుకుంటా! ఆ సప్పుడు ఇన్నావా నువ్వు? ముసలి రొమ్ములు!

ఇన్నావు. నేను సూసినాను. కుర్సీలోంచి లేసినావు. నీ రెండు సేతులూ రొమ్ము మీదకి ఎల్లినాయి.

అప్పుడే కిరాణి పరిగెత్తుకొచ్చి ముల్లు లాగీసినాడు. నువ్వు నీ సేతులు సూసుకున్నావు, దొంగతనం సేస్తా దొరికిపోయినోడిలాగ. "ఎవత్తి పెట్టింది ఆ ప్లేటు?" అని అరిసినావు. మొదటి కేక నీదే. తీర్పు సెప్పిందీ నువ్వే. కర్పూరం ఎలిగించాలి, తప్పనాలి, ప్లేట్లు రెండూ మందిరం గడప మీద పగలగొట్టాలి. కాదంటే మా ఇంటికి ఎలి. మంచికి పిలుపుండదు, సెడ్డకి మనిషుండడు. మా అమ్మా నేనూ, ఇద్దరమే ఉన్న ఇంటికి!

ఎందుకు పెదనాన్నా అంత కోపం? నేను పెట్టినందుకా, నువ్వు లేసినందుకా?

సరే. సుట్ట ఆరిపోయింది, ఎలిగించుకో.

నీ మీద కక్షతో రాలేదు నేను. ఇందాక ఒక అబద్దం ఆడినాను, అది దిద్దుకుని ఎల్లిపోతాను.

మొదటి రోజే పడిపోయినానని సెప్పినాను కదా. పడిపోలేదు. గోల అనుకున్నాను. రేకుల మీద రాళ్ళు పోసినట్టుంది, తల నొప్పొచ్చింది. నాలుగో రోజు, ఆ గోల మోగతా ఉండగా, ఒక ఆడమనిషి నా ముందుకొచ్చి సేతులు పైకెత్తింది. కుచ్చెళ్ళలో నా సెయ్యికి తగిలింది. అరిటాకు పొట్లం. ఎచ్చగా ఉంది. అన్నం. అడివోళ్ళకేం కాదు, పెద్ద అన్నమేం కాదు, మజ్జాన్నం కడుపు మాడి కళ్ళు తిరక్కుండా రెండు ముద్దలు. దానికి ఎన్నేళ్ళు జైలో నీకు తెలుసు.

కెన్ మా వైపే సూస్తన్నాడు. పాట అయిపోతంది. నాకు ఏం సెయ్యాలో తోసలేదు. ఆడివైపు తిరిగి, "అగైన్, ప్లీజ్" అన్నాను. నేను ఆడితో ఆడిన మొదటి మాట అదే. ఆడి మొకం ఎలిగిపోయింది! ఆ పాట మళ్ళీ ఎయ్యమని ప్రపంచంలో ఎవరైనా అడిగినారంటే అది నేనే కాబోలు. పెట్టె మీదకి వంగి కీ తిప్పినాడు, ముల్లు పెట్టినాడు. అంతలో ఆ మనిషి గేటు దాటిపోయింది.

తర్వాతి మనిషి వచ్చి సేతులెత్తింది. ఆవిడ కొప్పులో ఏళ్ళు పెట్టి ఇన్నాను, మొదటిసారి. డ్రమ్ము ఆగింది, తోసింది. పడిపోకుండా నిలబెట్టింది నన్ను. అప్పుడు పెదనాన్నా, అప్పుడు మొదలైంది. ప్రేమ అనుకో, పిచ్చి అనుకో.

ఆ మనిషి ఎవరా? మా పెద్దమ్మ. నీ పెళ్ళాం కూర్మమ్మ.

లేవకు, కూకో. బెదిరించడానికి సెప్పలేదు. గేటు ఇంకా ఉంది, సట్టం ఇంకా ఉంది, ఈ మాట రేపు సబలో నా నోట రాదు. నీకే సెప్పినాను, ఇంకెవరికీ సెప్పను.

రేపు వస్తాను. కర్పూరం ఎలిగిస్తాను, రాములోరి మీద నాకేం కోపం లేదు. తప్పు అనను. ప్లేట్లు ఇవ్వను. కిరాణి కాగితం మీద నా సంతకం కావాలంటే, ఆ నలుగురి పాట బావుంది అని రాసి తెమ్మను, మూడు బాసల్లో పెడతాను. ఎలి ఏస్తారా? ఏసుకోండి.

ఎల్తన్నాను. పెద్దమ్మని ఏటీ అడక్కు పెదనాన్నా. ఆ రోజు నా సెయ్యి తగల్లేదనే అనుకుంటంది ఇప్పటికీ. అలాగే అనుకోనీ.