బుచ్చయ్య కలిపిన ఒంటిరంగు

కూర్చో బాబూ. ఆ బెంచీ మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి, ఇటొచ్చి కూర్చో. చాట్రాయి బస్సు ఇంకో అరగంటకి గానీ రాదు. ఏంటది చేతిలో, అగ్గిపెట్టెలో పట్టేంత మనిషి? సిపాయా? నువ్వే రంగులేశావా? మీ కాలేజీలో ఇదే చెప్తున్నారా ఏంటి? లేదులే, వెక్కిరించట్లా, బాగుంది. ఇటివ్వు ఓసారి. ఓహో, చొక్కాకి ఆకు మచ్చలు కూడా పెట్టావే. మరి మొహం రంగు ఎవరిది? ఎవరిదీ కాదా? సీసాలోంచి తీసి పూసేశావా? అయితే మా బుచ్చయ్య బావ సంగతి నువ్వు వినాలి. చిన్న కథే, రెండు ముక్కల్లో చెప్పేస్తా, నీ టీ చల్లారేలోపు అయిపోతుంది.

బుచ్చయ్య బావ శేషగిరిరావుగారి మండీలో మామిడి పెట్టెల మీద మార్కా వేసేవాడు. నెమలి మార్కా. శేషగిరిరావుగారంటే అప్పట్లో నూజివీట్లో పెద్ద వర్తకుడు. మంచి మనిషే. కాకపోతే, కళ్లు మూసుకుని వాసన చూసి ఏ తోట కాయో చెప్తానని అందరి దగ్గరా అనేవాడు. ఓసారి మేం బొప్పాయి పెడితే దానికీ తోట పేరు చెప్పాడు. సరే, అది కాదు చెప్పొచ్చేది. చైనా యుద్ధం అయిన మరుసటేడు, దసరాకి, వాళ్లావిడ కమలమ్మగారికి ఓ ఆలోచన వచ్చింది. ఊళ్లో అందరి బొమ్మల కొలువులోనూ అదే పెళ్లి పల్లకీ, అదే కోమటి దంపతులు, మా ఇంట్లో ఈసారి హిమాలయాలు పెట్టి సైన్యాన్ని నిలబెడతానంది. కొండపల్లి మనిషికి చెప్పి ఇరవైనాలుగు సిపాయిల్ని పొణికి కర్రతో చెక్కించి, రంగు లేకుండా పట్టుకొచ్చారు. జానెడు బొమ్మలు. బుచ్చయ్యని పిలిచి, "దసరాకి రంగులెయ్యి బుచ్చయ్యా" అన్నారు. మామూలోడైతే అందరికీ గులాబీరంగు మొహం, నల్ల మీసం పెట్టేసి పోయేవాడు. ఈయన ఒక బొమ్మని పట్టుకుని మండీ అరుగు మీద మూడు రోజులు కూర్చున్నాడు. ఏంటి బావా అంటే, "గులాబీరంగు మనిషిని నువ్వెక్కడన్నా చూశావంట్రా?" అన్నాడు. చూశాను, శేషగిరిరావుగారి వేలు విడిచిన తమ్ముడున్నాడు, కోపమొస్తే అదే రంగు. చెప్తే వినలా.

ఇహ చూడు. పుల్లలకి రంగు అంటించుకుని, కనపడిన ప్రతివాడి మోచెయ్యీ పట్టుకుని పక్కన పెట్టి చూడ్డం. ఎర్ర జాజు, పసుపు, సుద్ద, దీపం మసి, అంతే ఆయన రంగులు. "మనిషి తోలు ఒక రంగు కాదురా, చెవి దగ్గర ఒకటి, మెడ కింద ఒకటి, కణత మీద ఇంకోటి" అనేవాడు. ముందు జాజు ముదురుగా పూసి, ఆరాక పసుపు సుద్ద పల్చగా ఎముక పైకి ఉన్నచోట లాగి, గడ్డం కింద ఇంత మసి నీళ్లు జారవిడిచి, చివర్లో మొహానికి వార్నిష్ కొట్టేవాడు. అప్పుడు చూడాలి, చెక్క కాస్తా ఊపిరి తీసుకున్నట్టుండేది. కాయ కోసే మల్లయ్య తన రంగు బొమ్మని చూసి వారం రోజులు మాట్లాడలా. "నేనింత నలుపా" అని. అద్దం లేదా ఇంట్లో అంటే, ఉంది, వాళ్లావిడ చూస్కుంటుంది అన్నాడు.

చొక్కాల దగ్గర బావకి ఏం తెలీలా. చాట్రాయిలో డేవిడ్ రాజని, వెనకటి పెద్ద యుద్ధంలో బర్మాలో లారీ తోలినాయన ఉండేవాడు. ఆయన మండీకొచ్చినప్పుడు అడిగితే, "మేం లారీలకి ఆకుపచ్చా, మట్టిరంగూ మచ్చలు పూసేవాళ్లం బుచ్చయ్యా. పైనుంచి చూస్తే అడివిలో కలిసిపోవాలి. సిపాయి కనపడకూడదు. కనపడ్డాడా, అంతే" అన్నాడు. ఆ ముక్క అక్కడున్న కనకమ్మ కూడా వింది. కనకమ్మ మండీలో పెట్టెలకి గడ్డి సర్దేది. ఆవిడ కొడుకు సాంబయ్య మిలిటరీలో, ఎక్కడో మంచులో ఉన్నాడు. ఆరు నెలలైంది ఉత్తరం ముక్క లేదు. పోస్టుమేన్ ఆవిడ వీధి తప్పించి చుట్టు తిరిగి పోయేవాడు పాపం, లేదని చెప్పలేక. బుచ్చయ్య ఆవిడకి మాటిచ్చాడు, ఇరవైనాలుగులో ఒకడు మన సాంబయ్యేనని. ఉన్న ఫొటో ఒక్కటే, అదీ తెలుపూ నలుపూ. పైగా స్టూడియోవాడు పౌడరు కొట్టి తీశాడు. రంగేం తెలుస్తుంది? కనకమ్మేమో, "నా బిడ్డ గోధుమరంగు" అంటుంది. కోడలు లక్ష్మేమో, "కాదు బాబాయ్, అంతకన్నా ఓ చెయ్యి నలుపు" అంటుంది. "నా కొడుకేమన్నా నేరేడు పండా?" అని కనకమ్మ. "మీరు గుర్తుపెట్టుకుంది పుట్టినప్పుడు అత్తా, నేను చూసింది మొన్న సెలవుకొచ్చినప్పుడు" అని ఆ పిల్ల. ఇద్దరూ ఏడ్చుకున్నారు కూడా. బుచ్చయ్య ఇద్దరి మాటా విని, ఎడం చేత్తో బొమ్మ పట్టుకుని, అందర్లోకీ ఆ ఒక్కదాని మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. చెరిపి, మళ్లీ కలిపి, మళ్లీ చెరిపి. ఏం చేస్తాడు, చెయ్యి పక్కన పెట్టి చూద్దామంటే ఆ మనిషి లేడాయె.

చొక్కాలకి మాత్రం సందేహమే లేదు. తిన్నగా శేషగిరిరావుగారి చిన్నరసాల తోటకి పోయి, ముదురాకు పచ్చా, ఎండుటాకు గోధుమా, మన ఎర్రమట్టీ, అచ్చంగా అవే దింపాడు. పరీక్ష చేద్దామని బొమ్మల్ని చెట్టు కింద ఆకుల్లో నిలబెట్టి పది అడుగులు వెనక్కొచ్చాడు. ఒక్కటీ కనపళ్లా. ఆయన ఆనందం చూడాలి! ఆ ఆనందం తర్వాత, వెతకడం మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఇరవైరెండే దొరికినయ్. తెల్లారి ఒకటి నేను తొక్కితే దొరికింది, ఇంకోటి మేకలోడి సంచిలో దొరికింది. మేకే పెట్టిందన్నాడు వాడు.

దసరా వచ్చింది. కమలమ్మగారి ముందు గదిలో ఐదు మెట్ల కొలువు, కింద ఈ మూల నుంచి ఆ మూలకి దూది. బస్తాడు దూది. హిమాలయాలు గదా! దాని మీద మన ఇరవైనాలుగు మందీ. మేం గుమ్మంలోంచి చూశాం. చూడగానే డేవిడ్ రాజు కిసుక్కున నవ్వాడు. తెల్లటి దూది మీద మామిడాకు మచ్చలు! పెరుగన్నంలో పోపు గింజల్లాగా ఒక్కొక్కడూ లెక్కపెట్టుకునేలా ఉన్నాడు. "ఏం బుచ్చయ్యా, మంచులో మామిడి చెట్లు ఎవరు నాటారు?" అన్నాడు. యుద్ధం మంచులో జరిగిందని బావకి తెలుసు, ఊరంతటికీ తెలుసు. రంగు తియ్యాల్సి వచ్చేసరికి కంటి ముందున్న తోటే కనపడింది. అందరం నవ్వాం. నవ్వుతుంటే కనకమ్మ వచ్చింది. కొడుకుని చూసుకుంది. దూది మీద, అందరికన్నా ముందు, ఎటు నుంచి చూసినా కనపడేటట్టు నిలబడున్నాడు. గబగబా లోపలికెళ్లి, ఆ బొమ్మ తీసి కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. కొలువు ఎత్తకముందు బొమ్మ కదిలించకూడదు, అది పట్టింపు. "అయ్యో కనకమ్మా! అదేం పనే!" అని కమలమ్మగారు వీధిదాకా వచ్చింది. ఎవరాగుతారు? తోటలో ఆకుల కింద దాచేసిందని తర్వాత తెలిసింది. ఎక్కడ దాచావే అంటే, "చెప్తే కనపడ్డట్టే గదా" అంది.

సాంబయ్యా? వచ్చాడు. వేసవిలో, కాయ కోతలప్పుడు, శుభ్రంగా, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచొచ్చాడు. ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడట. ఆయనొచ్చిన మూడో రోజున తొమ్మిది ఒక్కసారే వచ్చాయి. పోస్టుమేన్ ఆరోజు వీధి మధ్యలో నడుచుకుంటూ వచ్చాడులే. కనకమ్మ ఎవరికీ చెప్పకుండా తోటలోకి వెళ్లి బొమ్మ కోసం చూసింది. నలభై ఎకరాలు, అన్నీ ఒకే ఈడు చెట్లు. ఏ చెట్టో గుర్తులేదు. "పోన్లే, మనిషే వచ్చాడు, బొమ్మెందుకు" అని వదిలేసింది. ఊరంతా వదిలేసింది. బుచ్చయ్య బావ వదల్లా. రంగు కలిసిందో లేదో చూడాలిగా! సాంబయ్య మొహం మంచుకి కమిలిపోయింది గానీ చొక్కా మడిస్తే అసలు రంగు ఉండనే ఉంది. "నీ సెలవెన్నాళ్లురా?" అంటే నెల అన్నాడు. పెట్టెల పని మానేసి రోజూ తోట. చెట్టు తర్వాత చెట్టు, మొదట్లో కూర్చుని చేత్తో ఆకులు తీసి చూడ్డం. నేనన్నాను, బావా, నువ్వంత బాగా వెయ్యకపోతే ఈపాటికి దొరికేది గదా అని. "అవున్రా" అన్నాడు, నేను మెచ్చుకున్నాననుకుని.

సాంబయ్య సెలవు ఇంకో నాలుగు రోజులుందనగా బావని రక్తపింజర కరిచింది. ఎండుటాకుల రంగే దానికీ. మేం వెళ్లేసరికి అయిపోయింది. కుడి చెయ్యి వాచిపోయింది, ఎడం చేతి గుప్పిట్లో బొమ్మ ఉంది. కాళ్లు చెదలు తినేశాయి గానీ, వార్నిష్ కొట్టాడు గదా, మొహం చెక్కుచెదర్లేదు. సాంబయ్య తనే చొక్కా మడిచి, చెయ్యి పక్కన పెట్టి చూశాడు. కనకమ్మా చూసింది, లక్ష్మీ చూసింది. కలవలేదు. గోధుమా కాదు, నలుపూ కాదు. మళ్లీ బావ గుప్పిట్లోనే పెట్టేద్దామని ఆ ఎడం చేతి దగ్గరికి తెచ్చాం. చెయ్యెక్కడిదాకానో బొమ్మ మొహం ఎక్కడ్నించో తెలీలా. అంతలా కలిసిపోయింది.

ఇదిగో నీ సిపాయి. జేబులో పెట్టుకో, బస్సొచ్చింది.